కనకాంబరం: గింజ పేలకముందు, కొమ్మ వాడకముందు

మా అమ్మ పెరట్లో కనకాంబరం గింజలు ఎవరూ చల్లలేదు. తొలకరి పడిన రెండు మూడు వారాలకు బావిగట్టు పగుళ్లలో, తులసికోట చుట్టూ, బట్టలుతికే బండ పక్కన వాటంతట అవే మొలిచేవి. అమ్మ వాటిలో బలంగా ఉన్నవాటిని వేళ్లకు మట్టితో సహా పెకలించి గోడవారగా వరుసలో నాటుకునేది. కడపలో మా మేడ మీద కుండీలు పెట్టినప్పుడు నేనూ అంతే సులువనుకున్నాను. రెండు మొక్కలు కొని తెచ్చి, కంకులు కోయకుండా ఎండనిచ్చి, గింజ కోసం రెండేళ్లు ఎదురుచూశాను. ఒక్క కాయ కూడా కట్టలేదు. మొక్కలకు బలం చాలలేదేమోనని ఎరువు మార్చాను, కుండీలు మార్చాను. అసలు అది గింజ కట్టే రకమే కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఇంట్లో రవికలు కుడతాను. కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టడం నాకు అలవాటు లేదు. మొక్కకూ అలాంటి కొలత ఒకటి ఉంది. గింజా, కొమ్మా అని ఆలోచించే ముందు మన ఇంట్లో ఉన్నది ఏ కనకాంబరమో చూసుకోవాలి.

ముందు రకం తెలుసుకోండి

పాత ఇళ్ల పెరళ్లలో కనిపించే నాటు కనకాంబరం పూవు చిన్నది, నారింజ రంగు. పూలు కోయకుండా వదిలేస్తే కంకి అడుగు నుంచి పైకి వరుసగా కాయలు కడుతుంది. లేత పసుపు రంగుదీ, ఎరుపుదీ కూడా గింజ కడతాయి. ఢిల్లీ కనకాంబరం అని పిలిచేది వేరు. దాని పూరేకు వెడల్పు, రంగు చిక్కన, దండ కడితే నిండుగా కనిపిస్తుంది. అందుకే పూల వ్యాపారులకు అదంటే ఇష్టం. ఆ రకం గింజ కట్టదు. మామూలు మొక్కల కణాల్లో క్రోమోజోములు రెండేసి చొప్పున ఉంటే ఢిల్లీ రకంలో మూడేసి ఉంటాయి. గింజ తయారయ్యే వేళ మూడింటిని రెండు సమ భాగాలుగా పంచడం కుదరదు, కాబట్టి గింజే ఏర్పడదు. మనం తినే అరటిపండులో గింజ లేకపోవడం వెనకా ఇలాంటి సంగతే ఉంది. అరటిని పిలకలతో పెంచినట్టు, ఢిల్లీ కనకాంబరాన్ని కొమ్మలతోనే పెంచాలి.

పేరు తెలియని మొక్క మీ దగ్గరుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు కంకుల మీద పూలు కోయకుండా నెలా నెలన్నర వదిలేయండి. అడుగున ఉన్న పచ్చని పొలుసుల సందున వేలికి గట్టిగా తగిలే కాయలు కనిపిస్తే గింజ రకం. కంకి మొత్తం బోలుగా, గడ్డిపోచలా ఎండిపోతే కొమ్మ రకం. నేను పోగొట్టుకున్న రెండేళ్లను ఈ నెలన్నర పరీక్ష ఆదా చేసేది.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రీయ వంటి రకాలను విడుదల చేసింది. అవి దొరికితే కొమ్మలతోనే పెంచమంటాను. గింజ మొక్క తల్లిని పోలి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పసుపుదీ నారింజదీ పక్కపక్కన ఉంటే మరీ అనుమానం. కొమ్మ మొక్క మాత్రం అచ్చం తల్లే.

గింజను పట్టుకోవడం

నాటు రకం గింజ పట్టుకోవడానికి మెలకువ కావాలి. ఖాళీ స్థలాల్లో ఊదారంగు పూలు పూసే చిటపటకాయల మొక్క గుర్తుందా? ఎండిన కాయను నీళ్లలో వేస్తే టప్పున పేలుతుంది, చిన్నప్పుడు అందరం ఆడుకున్నాం. కనకాంబరానిది ఆ కుటుంబమే. డిసెంబరాలూ, అడ్డసరమూ కూడా దీని చుట్టాలే. ఇంగ్లీషులో కనకాంబరాన్ని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అంటారు, అంటే టపాకాయ పూవు. ఎండిన కాయకున్న రెండు పెంకులూ విడిపోవాలని బిగుసుకుని ఉంటాయి. తడి తగిలితే అతుకు వదులై ఒక్కసారిగా చీలిపోతాయి. కాయ లోపల నాలుగు గింజలు, ఒక్కో గింజ కింద రవికకు కుట్టే హుక్కులాంటి చిన్న కొక్కెం. ఆ కొక్కెమే గింజను దూరంగా విసురుతుంది. బావిగట్టు పగుళ్లలో మొక్కలు ఎలా మొలిచేవో ఇది తెలిశాకే నాకు అర్థమైంది. వానకు గింజ పేలడమంటే నేల తడిసిన రోజే విత్తనం పడడమన్నమాట. మొక్క ఎంచుకున్న ముహూర్తం అది.

మనకు మాత్రం దాంతో చిక్కు. ఒక్క జల్లు పడినా, మనం పైనుంచి నీళ్లు చల్లినా కాయలు పేలిపోయి కంకి మీద ఖాళీ పెంకులే మిగులుతాయి. గింజకు వదిలిన మొక్కకు మొదలు దగ్గర మట్టిలోనే నీళ్లు పోయాలి, కంకులు తడవకూడదు.

నేను చేసేది ఇది. పెళ్లి రవికలు కుట్టగా మిగిలిన నెట్టు గుడ్డతో 5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు సంచులు కుట్టి, మూతి దగ్గర దారం దూర్చుతాను. కుట్టు రానివాళ్లకు పాత దోమతెర ముక్క, నాలుగు పిన్నులు చాలు. కంకి కొనన చివరి పూలు రాలి, అడుగున పచ్చదనం తగ్గుతున్నప్పుడు సంచి తొడిగి కాడకు వదులుగా కడతాను. ఆ తర్వాత వాన వచ్చినా గింజ సంచిలోనే పడుతుంది. కాకపోతే తడిసిన గింజను దాచుకోకూడదు, ఆ రోజే విత్తుకోవాలి. పలచటి గుడ్డే వాడండి. మందపు నూలు గుడ్డ వాడి ఒకసారి మూడు కంకులకు బూజు పట్టించుకున్నాను.

సంచులు లేకపోతే మరో దారి ఉంది. కంకి ముప్పాతిక వంతు గోధుమరంగుకు తిరిగాక, మంచు పూర్తిగా ఆరిన మధ్యాహ్నం పూట కాడతో సహా కత్తిరించండి. తెల్లవారుజామున ముట్టుకోవద్దు, మంచు తడికే కాయలు చేతిలో పేలతాయి. కోసిన కంకులను పొడి స్టీలు గిన్నెలో వేసి పైన గుడ్డ కట్టి నీడలో ఉంచండి. గింజ దాచుకోవాలంటే ఎండిన కాయ అతుకును గోటితో చీల్చి తీయాలి. వెంటనే విత్తేటట్లయితే గుడ్డ పైనుంచే నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి చెవి దగ్గర పెట్టుకోండి. కాసేపటికి గిన్నెలో చినుకులు పడుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది. మా మనవరాలు ఆ చప్పుడు వినడానికే సెలవులకు వస్తుంది.

మంచి కంకి నుంచి నాకు 40, 50 గింజలు వస్తాయి. గోధుమరంగులో చదునుగా, పైన సన్నటి పొలుసులతో ఉంటాయి. వాటిని కాగితపు కవరులో పోసి, పైన రంగూ నెలా రాసి, పొడి డబ్బాలో పెడతాను. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఎంత త్వరగా విత్తితే అంత మంచిది. ఏడాది దాటిన గింజలు నా దగ్గర పదింటికి ఒకటో రెండో మొలిచాయి.

విత్తడం

వెడల్పు తొట్టి, అడుగున చిల్లులు. కడిగిన ఇసుక ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు జల్లించి అర పాలు. గింజలను అంగుళం దూరంలో పరిచి, పైన పావు అంగుళం మించకుండా ఇసుక చల్లాలి. లోతుగా వేస్తే మొలక పైకి రాలేదు. మొదటి నీళ్లు పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. తొట్టిని నీళ్లున్న పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి.

మొలక రెండు వారాలకు మొదలై నెల దాకా వస్తూనే ఉంటుంది. అన్నీ ఒకేసారి రావు. 15 రోజులకు ఐదే మొలిచాయని తొట్టి బోర్లించేయవద్దు. చలి రోజుల్లో ఇంకా ఆలస్యం చేస్తుంది. వెచ్చదనం కావాలి గాని మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు. మా మేడ మీద చిక్కుడు పందిరి కింద, పొద్దుటెండ మాత్రమే పడే చోట పెడతాను.

ఈ దశలో నష్టమంతా నారుకుళ్లు వల్లే. నిన్న నిటారుగా ఉన్న మొలక ఈ రోజు మొదట్లో నల్లబడి పడిపోతుంది. ఒత్తుగా విత్తడం, సాయంత్రం పూట నీళ్లు పోసి రాత్రంతా తడిగా ఉంచడం దీనికి కారణాలు. ఉదయమే నీళ్లు పోయండి. పైపొర ఆరిందని వేలితో చూసుకున్నాకే మళ్లీ పోయండి.

ఆరు ఆకులు వచ్చాక విడి కవర్లలోకి మార్చి, రెండు నెలల నారు అయ్యాక కుండీలో గాని నేలలో గాని నాటుకోవచ్చు. నాలుగు జతల ఆకులు వచ్చినప్పుడు కొన చిగురు గిల్లేయండి. చేతులు రాకపోయినా గిల్లండి. గిల్లని మొక్క ఒకటే కాడగా ఎదిగి నాలుగు కంకులు ఇస్తుంది, గిల్లినది గుబురుగా పెరిగి కొమ్మకొక కంకి ఇస్తుంది. విత్తిన నాలుగైదు నెలలకు మొదటి పూలు చూడవచ్చు.

కొమ్మ నాటడం

నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇదే, ఎక్కువసార్లు చేతులు కాల్చుకున్నదీ ఇందులోనే.

కాలం గురించి మొదట చెబుతాను. కడపలో ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు నాటకండి. 40 డిగ్రీలు దాటిన ఎండలో వేరు లేని కొమ్మ ఆకుల్లోని నీరంతా వదిలేసి మూడు రోజుల్లో వడిలిపోతుంది. ఒక ఏప్రిల్‌లో 12 నాటితే ఒక్కటీ దక్కలేదు. అదే తల్లి మొక్క నుంచి జూలైలో 20 నాటితే 14 నిలిచాయి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, గాలిలో చెమ్మ ఉండే రోజులే దీనికి తగినవి.

ఏ కొమ్మ తీసుకోవాలి? కొనన ఉన్న లేత చిగురు కుళ్లిపోతుంది. మొదట్లోని బెరడు కట్టిన కొమ్మ వేరు వేయడానికి మొండికేస్తుంది. ఈ రెంటి నడుమ, వంచితే కాస్త వంగి తర్వాత పుటుక్కున విరిగేంత ముదురుగా ఉన్న కొమ్మ సరైనది. పూసే కంకి లేని కొమ్మ దొరికితే మేలు. ఉంటే కంకిని తీసేయాలి. దాన్ని ఉంచితే కొమ్మలో ఉన్న కాస్త సత్తువా పూలకే పోతుంది.

ఉదయం ఏడు లోపల, తల్లి మొక్కకు ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి ఉండగా కోయండి. నా టేపుతో 4 అంగుళాలు, కనీసం మూడు కణుపులు. కింది కోత కణుపుకు సరిగ్గా కింద, ఏటవాలుగా పడాలి, ఎందుకంటే వేర్లు ఎక్కువగా కణుపు దగ్గర నుంచే వస్తాయి. కత్తెర వాడకండి. కత్తెర రెండు వైపుల నుంచి నొక్కి కాడను నలుపుతుంది. కొత్త బ్లేడు తీసుకుని స్పిరిట్‌తో తుడిచి ఒక్క కోతకు తెగేలా కోయాలి. అడుగు ఆకులన్నీ తీసి పైన రెండే ఉంచి, ఆ రెండింటిని కూడా అడ్డంగా సగానికి కత్తిరించండి. చూడటానికి బాధగానే ఉంటుంది. కానీ వేరు లేనప్పుడు ఆకు ఎంత పెద్దదైతే అంత త్వరగా కొమ్మ ఎండిపోతుంది.

వేరు పొడి గురించి అందరూ అడుగుతారు. ఎరువుల దుకాణాల్లో దొరికే ఆ పొడిలో ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది వేర్లను త్వరపెడుతుంది, సంఖ్యనూ పెంచుతుంది. కోసిన చివరను తడిపి పొడిలో అద్ది, అదనంగా అంటినదాన్ని దులిపేయాలి. డబ్బాలోనే నేరుగా ముంచకుండా కాస్త కాగితం మీద పోసుకుని వాడండి, లేకపోతే డబ్బా మొత్తం చెమ్మగిల్లి పాడవుతుంది. పొడి లేకపోయినా వానాకాలంలో కనకాంబరం వేరు వేస్తుంది, కాకపోతే పది రోజులు ఆలస్యం. కలబంద గుజ్జు కూడా అద్ది చూశాను, నా కొమ్మలకు దానివల్ల తేడా ఏమీ కనిపించలేదు.

నాటే మిశ్రమంలో ఎరువు వేయకూడదు. కడిగిన ఇసుకా కొబ్బరి పొట్టూ సమానంగా కలిపితే చాలు. పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి నింపి, ముందు పుల్లతో గుంట చేసి, అందులో కొమ్మను రెండు కణుపులు లోపలికి పోయేలా దించి, చుట్టూ వేళ్లతో అదమండి. కొమ్మతోనే పొడిస్తే అంటిన పొడి పైనే గీసుకుపోతుంది. నీళ్లు చిలకరించి, నాలుగు పుల్లలు గుచ్చి పైన తెల్లని ప్లాస్టిక్ కవరు కప్పండి. కవరు ఆకులకు తగలకూడదు. ఎండ తగలని వెలుతురులో ఉంచి, రోజూ ఉదయం పది నిమిషాలు కవరు తీయండి.

మూడు వారాలదాకా లాగి చూడకండి. కొత్త చిగురు వచ్చింది కాబట్టి వేరు వచ్చినట్టే అనుకోవద్దు, కాడలో దాచుకున్న శక్తితోనూ చిగురు వేస్తుంది. మూడు, నాలుగు వారాలకు రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగినప్పుడు కొమ్మ పట్టుకున్నట్టు అనిపిస్తే వేరు పడినట్టు. కొమ్మ మొదలు నల్లబడితే నీళ్లు ఎక్కువయ్యాయి. మొదలు పచ్చగానే ఉండి ఆకులు ముడుచుకుంటే చెమ్మ చాలలేదు. వేరు పడ్డాక కవరును మొదట గంట, మర్నాడు పూట, వారానికి పూర్తిగా తీసేయండి.

కొమ్మలు దూరం నుంచి తెచ్చుకోవలసి వస్తే ఆకులు అక్కడే తగ్గించి, మొదళ్లకు తడి గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మూయాలి. ప్రొద్దుటూరు నుంచి రవికలు కుట్టించుకోవడానికి వచ్చే ఒక పెద్దావిడ నా కోసం పసుపు కనకాంబరం కొమ్మలు ఇలాగే తెచ్చారు. "పూలతో ఉన్నవే తెచ్చానమ్మా, రంగు నమ్ముతావని" అన్నారు. రంగు చూసుకుని, ఆవిడ ఎదుటే కంకులు తుంచి నాటాను. ఆరు కొమ్మల్లో నాలుగు బతికాయి.

నాటిన తర్వాత రెండు జాగ్రత్తలు

కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేప పిండి. నేలలో అయితే వరుసల మధ్య రెండు అడుగులు, మొక్కల మధ్య అడుగు. సగం రోజు ఎండ చాలు.

మొదటి జాగ్రత్త నులిపురుగులది. అమ్మ పెరట్లో చివరి ఏళ్లలో మొక్కలు ఒక్కొక్కటిగా పొట్టిగా, పాలిపోయి చచ్చిపోయాయి. పీకి చూస్తే సన్నవేర్లు నల్లబడి ఉన్నాయి. మట్టిలో ఉండే ఈ కంటికి కనిపించని పురుగులు వేర్లను గాయపరుస్తాయి, ఆ గాయాల గుండా ఎండు తెగులు దూరుతుంది. అందుకే పాత చోటు నుంచి మొక్కను వేరుతో, మట్టితో తెచ్చుకోకూడదు. పైకొమ్మ కోసి శుభ్రమైన ఇసుకలో నాటుకుంటే తల్లి వస్తుంది, పురుగు రాదు. అమ్మ ఇల్లు అమ్మే ముందు మిగిలిన ఒక్క మొక్కను నేను అలాగే తెచ్చుకున్నాను, కొమ్మలుగానూ గింజలుగానూ. తెగులు ఉన్న నేలలో ఒక పంటకాలం బంతిపూల మొక్కలు వేస్తే కొంత మేలు, దాని వేర్లు నులిపురుగులను తగ్గిస్తాయి.

రెండోది ఆకుల పసుపు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదని అర్థం. సున్నం ఎక్కువ ఉన్న మట్టిలోనూ, బోరు నీళ్లు పోసే ఇళ్లలోనూ ఇది తరచుగా వస్తుంది. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లని వేళ ఆకులు తడిసేలా వారానికోసారి రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. కొత్త ఆకు పచ్చగా వస్తుంది. వాన నీళ్లు పట్టి పోయగలిగితే ఇంకా మంచిది.

పూలు రోజు విడిచి రోజు కోసుకోవచ్చు, మొక్క మీద అవి వాడకుండా నిలుస్తాయి. కిలోకు సుమారు 15 వేల పూలు తూగుతాయంటే ఎంత తేలికో చూడండి. వాసన లేదు కనుక నేను మధ్యమధ్య మరువం కలిపి కడతాను. కోత ముగిసిన కంకులను వెంటనే తుంచేయాలి, లేకపోతే మొక్క గింజ పనిలో పడి పూత తగ్గిస్తుంది. మొక్కకు రెండు కంకులు గింజకు వదిలితే చాలు.

ప్రస్తుతం అమ్మ నారింజ రకానికి మూడు సంచులు, ప్రొద్దుటూరు పసుపు రకానికి రెండు సంచులు కట్టి ఉన్నాయి. రెండు రంగుల కుండీలనూ ఈసారి మేడకు చెరో చివర పెట్టాను. పసుపు కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, మరో పది రోజులు పట్టేలా ఉంది.